పిల్లల్ని తిట్టడం ఆపండి, ఇన్‌స్ట్రక్టర్ స్క్రాప్ డబ్బా చూడండి!

ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా, చూడండి. రెండు ఇనప ముక్కలు, మధ్యలో వెల్డింగ్, అది కూడా విరిగిపోయి ఉంది. లోపల ఈ నల్ల గీత కనిపిస్తోందా? స్లాగ్, అంటే వెల్డింగ్‌లో మిగిలే మడ్డి. నేను ట్రేడ్ నేర్చుకునే రోజుల్లో చేసిన ఘనకార్యం. ఇన్నేళ్లయినా దీన్ని ఎందుకు దాచుకున్నానో చెప్తా. ముందు ఒక్క మాట చెప్పేసి, తిట్టేవాళ్లకి టైమిస్తా.

ట్రేడ్ కోర్సులో చేరిన కుర్రాడికి కోర్సు అయిపోయాక కూడా పని చేయడం రాలేదంటే, తప్పు కుర్రాడిది కాదు. నేర్పినాయనది!

ట్రేడ్ పిల్లలకి పని ఎందుకు రావట్లేదని ఈ మధ్య గొడవ నడుస్తోంది. ఒక వర్గమేమో "ఈ కాలం పిల్లలకి చేతికి మసి అంటకూడదు, ఫోన్ వదలరు" అంటోంది. ఇంకో వర్గం "మెషిన్లు పాతవి, సిమ్యులేటర్లు పెట్టండి, అన్నీ సర్దుకుంటాయి" అంటోంది. సిమ్యులేటర్ అంటే నిప్పు లేకుండా స్క్రీన్ మీద ప్రాక్టీస్ చేయించే మెషిన్. గంటలకొద్దీ కొట్టుకుంటున్నారు. వర్క్‌షాప్ మూలన కుర్చీలో కూర్చున్న మనిషి గురించి మాత్రం ఒక్కరూ నోరెత్తరు. ఆయనకి ఆ పని మీద పిచ్చి ఉందా? పొద్దున్న షెడ్డు తలుపు తీసేటప్పుడు ఆయనకి హుషారుగా ఉంటుందా, నీరసంగా ఉంటుందా? ఇది ఎవరూ అడగరు. నేను అడుగుతా.

నా దగ్గరో సిద్ధాంతం ఉంది. స్క్రాప్ డబ్బా సిద్ధాంతం. నవ్వకండి! ఏ ట్రైనింగ్ సెంటర్‌కైనా వెళ్లండి. కొత్త మెషిన్లు చూపిస్తారు, గోడ మీద ఫ్రేములు కట్టిన సర్టిఫికెట్లు చూపిస్తారు. బాగున్నాయండీ అనేసి, పిల్లలు పాడుచేసిన జాబ్‌లు, అదే, ప్రాక్టీస్‌లో చేసిన ముక్కలు, ఎక్కడున్నాయని అడగండి. తిన్నగా డబ్బాలోకి పోయాయా, ఇన్‌స్ట్రక్టర్ టేబుల్ మీద ఉన్నాయా? నాకు ఆ ఒక్క జవాబు చాలు.

ఎందుకంటారా? వెల్డింగ్ బీడ్, అంటే అతుకు మీద గట్టిపడిన లోహపు గీత, పైకి చాలా అందంగా ఉండొచ్చు. చేప పొలుసుల్లా వరస తీరి, ఫొటో తీసి స్టేటస్ పెట్టుకునేలా ఉంటుంది. ఆ ముక్కని వైస్‌లో బిగించి, గాటు పెట్టి, సుత్తితో ఒక్కటి కొట్టండి. అప్పుడు బయటపడుతుంది బండారం. ఒకచోట స్లాగ్ ఇరుక్కుపోయి ఉంటుంది. ఇంకోచోట గ్యాస్ చేసిన కన్నాలు. ఒక పక్క లోహం అసలు కలవనే కలవదు, ఊరికే ఆనుకుని ఉంటుంది. మనసు పెట్టి నేర్పేవాడు ఆ విరిగిన ముక్కని కుర్రాడి చేతిలో పెట్టి, "ఇదిగో, ఇక్కడ నీ చెయ్యి తొందరపడింది, ఇక్కడ రాడ్ దూరం జరిగింది" అంటాడు. మనసు లేనాయన పైపైన చూసి, పదికి ఏడు వేసి, "నెక్స్ట్" అంటాడు. ఇద్దరికీ వెల్డింగ్ వచ్చు. సర్టిఫికెట్ కూడా ఒకటే కావచ్చు. మధ్యలో తేడా రెండు నిమిషాల ఓపిక!

నాకు ఇద్దరూ దొరికారు. మొదటాయన నోట్స్ చెప్పేవారు. "ఆర్క్ పొడవు సుమారుగా రాడ్ వ్యాసమంత ఉండవలెను. రాసుకున్నారా?" రాసుకున్నాం. (ఆర్క్ అంటే వెల్డింగ్ రాడ్ కొసకీ ఇనుముకీ మధ్య మండే మెరుపు.) మార్కులూ వచ్చాయి. మరి నల్లటి అద్దం వెనకాల, కళ్లముందు నిప్పులు కురుస్తుంటే, ఆ మూడు మిల్లీమీటర్లు నేను దేంతో కొలవాలి సార్? స్కేలుతోనా? దగ్గరికి పెడితే రాడ్ అతుక్కుపోయేది, దూరం పెడితే తుంపర. ఆయన దగ్గర నా రికార్డు పుస్తకం మాత్రం మహా నీట్‌గా ఉండేది.

రెండో ఆయన వచ్చిన రోజున పుస్తకం మూసేయమన్నారు. "వెలుగుని చూడకు, దాని వెనకాల కరిగిన గుంట చూడు. చెవి పెట్టి విను" అన్నారు. ఏం వినాలో మాకు అర్థం కాలేదు. ఆయన మా వైపు వీపు పెట్టి నిలబడి, శబ్దం బట్టి చెప్పేవారు: "మూడో బూత్, దూరం ఎక్కువైంది, దగ్గరికి తీసుకో." ఆగకుండా సన్నగా చిటపటలాడితే ఒప్పు, తెగి తెగి వస్తే తప్పు. వారానికల్లా మా చెవులకీ తెలిసిపోయింది. ఈ ముక్క ఆయన విరగ్గొట్టిందే. ఆ రోజు నాకు ఎంత ఒళ్లు మండిందో! కానీ నా తప్పు నాకు చూపించింది ఇదే, అందుకే దాచుకున్నా.

"అన్నా, మంచి వీడియోలు చూసి నేర్చుకోవచ్చుగా" అంటారు. వీడియోలు చేసేవాణ్ని నేనే చెప్తున్నా, కుదరదు! హ్యారీ కాలిన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త 1974లో ఒక పరిశోధన ప్రచురించాడు. టీఈఏ లేజర్ అని ఒక రకం లేజర్ ఉంది. ఎలా చేయాలో వివరాలు అచ్చులో ఉన్నాయి, చేయబోయినవాళ్లు మామూలు మనుషులు కాదు, ల్యాబుల్లో పనిచేసే శాస్త్రవేత్తలు. కాగితం మాత్రమే చదివి, పనిచేసే లేజర్ తయారు చేసినవాళ్లు ఆయనకి ఒక్కరూ కనపడలేదు. చేయగలిగినవాళ్లందరికీ అంతకుముందే దాన్ని చేసిన మనుషులతో పరిచయం ఉంది. శాస్త్రవేత్తలకే కాగితం చాలకపోతే, ఆకురాయి మొదటిసారి పట్టుకున్న కుర్రాడి చేతిలో ప్రింటవుట్ పెట్టి "చదువుకో" అంటారా?

అందరికన్నా పెద్ద పనిమంతుడే అందరికన్నా మంచి గురువు అనుకుంటే అదీ పొరపాటే. ఇరవై ఏళ్లు చేసినవాడికి పని చేతిలో ఇంకిపోతుంది. ఆకురాయి ముందుకు తోసేటప్పుడు బరువు పెడతాడు, వెనక్కి లాగేటప్పుడు వదిలేస్తాడు, కానీ అలా చేస్తున్నానని ఆయనకే తెలీదు. కుర్రాడు అడిగితే "అలా కాదురా, ఇలా" అని చేసి చూపిస్తాడు. అలా అంటే ఎలా? తన చెయ్యి ఏం చేస్తోందో తనే ఆగి చూసుకుని, దాన్ని ముక్కలు చేసి మాటల్లో పెట్టాలి. అది విసుగు పుట్టే పని. పిచ్చి ఉన్నవాడు తప్ప ఎవడూ చేయడు.

ఇక తప్పు గురువుదే అన్న మాట నేను కనిపెట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా ఫ్యాక్టరీలకి పని రానివాళ్లు కుప్పలుగా వచ్చిపడ్డారు. వాళ్లకి పని నేర్పించే సూపర్‌వైజర్ల కోసం ఒక కార్యక్రమం పెట్టారు, ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అని. 1940 నుంచి 1945 దాకా నడిచింది, 16 లక్షల మందికి పైగా సర్టిఫికెట్లు అందుకున్నారు. నేర్పేవాళ్లకి జేబులో పట్టే చిన్న కార్డు ఇచ్చేవారు. దాని మీదున్న మాటకి అర్థం ఏంటో తెలుసా? పనివాడు నేర్చుకోలేదంటే, నేర్పేవాడు నేర్పలేదు. అదీ సంగతి! యుద్ధం మధ్యలో, టైమ్ లేనప్పుడు కూడా "పిల్లలకి ఇంట్రస్ట్ లేదు" అనే సాకుకి ఆ కార్డులో చోటివ్వలేదు. పిచ్చి ఉండాలన్న మాట కార్డులో లేదు, అది నేను కలుపుతున్నదే. ఒప్పుకుంటా.

"జీతాలు చూశారా? నలభై మందికి ఒక్క ఇన్‌స్ట్రక్టర్. రాడ్లు అడిగితే స్టాక్ లేదంటారు" అని రాసేవాళ్లున్నారు. నిజమే. ఆ కోపం పైవాళ్ల మీద చూపించండి, నేనూ గొంతు కలుపుతా. కానీ కరెంటు ట్రేడ్‌లో ఒక అలవాటు ఉంది. వైర్‌లో సప్లై లేదని తేల్చే ముందు, టెస్టర్‌ని సప్లై ఉందని తెలిసినచోట పెట్టి చూడాలి. తర్వాత ఈ వైర్ చూడాలి. మళ్లీ సప్లై ఉన్నచోట పెట్టి, టెస్టర్ మధ్యలో చచ్చిపోలేదని రూఢి చేసుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు. ఇన్‌స్ట్రక్టర్ ప్రతిసారీ అలాగే చేస్తే పిల్లలకి అదే అలవాటవుతుంది. ఆయన బోర్డు మీద మూడు స్టెప్పులూ రాసి, తను మాత్రం ఒక్కసారి ఆనించి "ఏం లేదులే" అని వైర్ పట్టుకుంటే, పిల్లలు బోర్డుని కాదు, ఆయన చేతిని కాపీ కొడతారు. తక్కువ జీతం అని చెప్పి ఆ రెండు స్టెప్పులు ఎగ్గొడితే, షాక్ తగిలేది ఎవరికండీ?

సిమ్యులేటర్లకి నేను వ్యతిరేకం కాదు. రాడ్లు మిగుల్తాయి, చెయ్యి కోణం అంకెల్లో కనిపిస్తుంది, పెట్టండి. కానీ స్కోరు 62 అని స్క్రీన్ చెప్తే, అది 62 ఎందుకయ్యిందో కుర్రాడి పక్కన నిలబడి చూసే మనిషి కావాలి కదా.

సరే, ఇన్‌స్ట్రక్టర్లు కూడా ఈ ఛానల్ చూస్తారని నాకు తెలుసు, ఫోన్ చేసి మరీ తిడతారు. తిట్టే ముందు మీ టేబుల్ ఫొటో తీసి పంపండి. పిల్లలు పాడుచేసిన జాబ్‌లు దాని మీద ఉండాలి, ఏది ఎందుకు పాడైందో చాక్‌పీస్‌తో రాసి ఉండాలి. అందరిలోకీ దరిద్రమైన జాబ్ ఎవరి టేబుల్ మీద ఉంటే, వచ్చే వీడియోలో మొదటి దండం ఆయనకే.