మాస్కు ఎవరి చేతిలో ఉండాలి?

అందరికీ నమస్కారం. నేను మత్తు డాక్టర్ని. చెన్నైలో మనవాళ్లకి నేను గుర్తొచ్చేది ఆపరేషన్ అన్నప్పుడే. నార్మల్ డెలివరీకి నాతో పనేంటి, మేమంతా కనలేదా అంటారు పెద్దవాళ్లు. కన్నారు, కాదనను. విక్టోరియా రాణి కూడా ఏడుగుర్ని అలాగే కన్నది. ఎనిమిదో కాన్పుకి, 1853లో, క్లోరోఫాం పీల్చింది. ఏడుసార్లు ఓర్చుకున్న మనిషే మత్తు కావాలనుకుందంటే మనం కాస్త ఆలోచించాలి.

ఇవాళ ముఖ్యంగా కాన్పు నొప్పికి పీల్చే గ్యాస్ సంగతి. లాఫింగ్ గ్యాస్ అనగానే లేబర్ రూములో పకపకా నవ్వుతామేమోనని బెంగ. అలాంటిదేం లేదు. సగం నైట్రస్ ఆక్సైడు, సగం ఆక్సిజన్. పీలిస్తే తేలిపోతున్నట్టు ఉంటుంది, కొందరికి తల తిరుగుతుంది, వికారం పెడుతుంది. నొప్పి పూర్తిగా పోదు, ఓర్చుకునేలా అవుతుంది. కొందరికి అదే చాలు, కొందరికి చాలదు.

కిటుకంతా ఎప్పుడు పీల్చామన్నదాంట్లోనే ఉంది. గ్యాస్ పనిచేయడానికి అర నిమిషం పైగా పడుతుంది. నొప్పి ముదిరాక మాస్కు అందుకుంటే, గ్యాస్ ఎక్కేసరికి నొప్పి దిగిపోతుంది. పొట్ట బిగుసుకోవడం మొదలవగానే అందుకోవాలి, నిదానంగా, నిండుగా పీల్చాలి. నొప్పి తగ్గాక తీసేయాలి. ఒకటి రెండు నొప్పులకి అలవాటైపోతుంది.

మాస్కు మాత్రం కనే తల్లి చేతిలోనే ఉండాలి. భర్తగారు ప్రేమకొద్దీ, అమ్మగారు కంగారుకొద్దీ పట్టుకుంటామంటారు. వద్దండీ. మగత ఎక్కువైతే ఆమె చెయ్యి వాలిపోతుంది, మాస్కు జారిపోతుంది, గ్యాస్ ఆగిపోతుంది. మీరు పట్టుకుంటే ఆ రక్షణ పోయినట్టే. ఇంకోటి, ఈ గ్యాస్ బి12 విటమిన్ని పనిచేయకుండా చేస్తుంది. కాన్పులో కాసేపు పీలిస్తే మామూలుగా ఇబ్బంది ఉండదు. కానీ మన శాకాహారుల ఇళ్లలో బి12 తక్కువన్న రిపోర్టులు మామూలే కదా, అలాంటిదుంటే ముందే డాక్టరుతో చెప్పండి.

నొప్పి బాగా తగ్గాలంటే ఎపిడ్యూరల్. నడుములో సన్నటి గొట్టం పెట్టి మందు ఇస్తాం. మందు పనిచేయడానికి పదిహేను, ఇరవై నిమిషాలు. బీపీ పడొచ్చు, కనిపెట్టుకుని ఉండాలి. ముక్కే దశ కాస్త సాగుతుంది. ఎపిడ్యూరల్ వల్ల సిజేరియన్ అవుతుందనీ, జీవితాంతం నడుం నొప్పి ఉంటుందనీ అంటారే, ఆ రెండూ నిజం కాదు. నొప్పి తగ్గించే పెథిడిన్ సూది కూడా ఉంది. కాన్పుకి మరీ దగ్గర్లో ఇస్తే బిడ్డ మగతగా పుట్టొచ్చు, ఊపిరి మందగించొచ్చు.

మనకో చిక్కుంది. చెకప్పులన్నీ ఇక్కడ, తొలి కాన్పు పుట్టింట్లో, నెల్లూరో గూడూరో. ఇక్కడి ఆస్పత్రిలో ఏమున్నా అక్కడ అక్కరకు రాదు. సీమంతం అయి అమ్మాయి వెళ్లగానే, కాన్పు జరిగే ఆస్పత్రికే వెళ్లి అడగండి. గ్యాస్ ఉందా? ఎపిడ్యూరల్ ఇచ్చే డాక్టరు ఉన్నారా? ఉన్నారంటే, రాత్రి రెండింటికి కూడా ఉంటారా అని అడగండి. నొప్పులు డ్యూటీ టైం చూసుకుని రావు కదా.