మీటర్ మీద రాసిందంతా నమ్మొద్దు: బెంచి సామాన్లు విప్పి చూపిస్తా

అందరికీ నమస్తే, తిరుపతి నుంచి మాట్లాడతా ఉండా. మన రేణిగుంట సైడు టీవీలు, ఫోన్లు చేసే ఫ్యాక్టరీలు వచ్చినాక ఈ లైన్లోకి దిగే పిల్లోళ్లు ఎక్కువైనారు, అందరూ అడిగేది ఒకటే, అన్నా బెంచికి ఏ మీటర్ తీసుకోవాల, ఏ పవర్ సప్లై మంచిది అని. తెల్లారి ట్రైన్ ఎక్కి ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయి, బాక్సు మీద నంబర్లు చూసి ఏదో ఒకటి బ్యాగులో వేసుకొచ్చేస్తారు. ఈరోజు ఆ నంబర్లు పక్కనబెట్టి స్క్రూలు తీసి చూద్దాం.

ముందు ఈ మీటరు, అంటే వోల్టులు, ఆంపులు కొలిచే మల్టీమీటరు. పేరు మీద స్టిక్కర్ వేసినా, ఎందుకంటే ఇదే బోర్డుని రకరకాల పేర్లతో అమ్ముతా ఉండారు, ఒక్కరిని తిట్టి లాభం లేదు. ముందరేమో క్యాట్ 3 (బిల్డింగ్ వైరింగు, ప్యానెల్ బోర్డుల పనికి సేఫ్టీ రేటింగు), 1000 వోల్టులు అని దర్జాగా ప్రింట్ చేసినాడు. ఇప్పుడు మూత తీస్తా, కెమెరా రవంత దగ్గరికి తెస్తా ఆగండి... ఇదో, ఈ గాజు ఫ్యూజ్ కనిపిస్తా ఉందా, లోపల సన్న తీగ కూడా కనిపిస్తా ఉండాది, టోపీ మీద ఏం రాసుందో చూడండి, 250 వోల్టులు. 1000 వోల్టుల మీటర్లో 250 వోల్టుల ఫ్యూజ్! 10 ఆంపుల జాక్‌కైతే అదీ లేదు, అన్‌ఫ్యూజ్డ్ అని వాడే రాసుకున్నాడు, నిజాయితీకి మెచ్చుకోవాల్సిందే.

దీంతో ఏమైతాదంటే, ఎర్ర ప్రోబు ఆ 10 ఆంపుల జాక్‌లోనే మర్చిపోయి, బోరు మోటార్ స్టార్టర్లో రెండు ఫేజుల మధ్యన వోల్టేజ్ చూద్దామని పెట్టినారనుకోండి, ఆ జాక్‌లో రెసిస్టెన్స్ దాదాపు ఉండదు కాబట్టి 415 వోల్టులకి నేరుగా షార్టు, మీటరేమో మీ చేతిలో ఉంటుంది. మంచి మీటర్లలో వేసేది సిరామిక్ హెచ్‌ఆర్‌సీ ఫ్యూజ్, అంటే పెద్ద షార్టు కరెంటుని కూడా తెంచగలిగేది, దాని లోపల ఇసుక నింపుంటారు, తీగ కరిగినప్పుడు మెరుపు మాదిరి లేచే ఆర్కుని ఆ ఇసుకే ఆర్పేస్తుంది, గాజుదైతే పగిలిపోయి ఆర్కు అట్లే నడవొచ్చు. మోటార్లు, ప్యానెల్ బోర్డుల పని చేసేవాళ్లు దీన్ని ముట్టుకోవద్దు. ఫోన్ బోర్డులు మాత్రమే చేసేవాళ్లకి ఫ్యూజ్ వరకైతే ఇదే చాలు, నేనేం అడ్డం చెప్పను.

అయితే ఫోన్ వాళ్లకి ఇంకొకటి ముఖ్యం, కంటిన్యుటీ బీప్, అంటే రెండు ప్రోబుల మధ్యన కనెక్షన్ ఉంటే మీటర్ కూసేది. వినండి... ప్రోబు ఆనించినా... ఇప్పుడు కూసింది. విన్నారా ఆ గ్యాపు? కనెక్టర్ పిన్నుల మీద ప్రోబుని అట్లా గీసుకుంటా పోయి ఏ పిన్ను దొరుకుతుందో పట్టుకోవాల మనం, ఇది కూసేలోపు మీరు మూడు పిన్నులు దాటేసుంటారు. కొనేటప్పుడు షాపులోనే రెండు ప్రోబులు టకటకా తగిలించి చూడండి, ఈ సంగతి చాలా డేటాషీట్లలో రాయరు.

ట్రూ ఆర్‌ఎంఎస్, అంటే వేవ్ ఏ షేపులో ఉన్నా ఏసీ వోల్టేజ్ సరిగ్గా చూపించేది, అవసరమా అని చాలామంది అడుగుతారు. ఇన్వర్టర్లు రిపేర్ చేస్తే అవసరం. మామూలు మీటర్ యావరేజ్ కొలిచి, సైన్ వేవ్ అనుకొని 1.11తో గుణించి చూపిస్తుంది. కరెంటు లైన్ సైన్ వేవ్ కాబట్టి అక్కడ సరిపోతాది. ప్యూర్ స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ 230 ఇస్తా ఉంటే ఇది 255 చూపిస్తుంది, మాడిఫైడ్ సైన్ ఇన్వర్టర్, 325 పీక్‌తో సగం టైమే ఆన్‌లో ఉండేదైతే, అదే 230ని 180 అంటుంది. మెకానిక్ ఏం చేస్తాడు, వోల్టేజ్ తక్కువొస్తా ఉండాదని ప్రీసెట్ (వోల్టేజ్ సర్దే చిన్న స్క్రూ) తిప్పి పెంచేస్తాడు, కస్టమర్ ఇంట్లో బల్బులు పోతాయి.

ఇంక పవర్ సప్లై, బ్యాటరీ బదులు బోర్డుకి కరెంటు ఇచ్చే డబ్బా, 30 వోల్టులు 5 ఆంపులది, ప్రతి మొబైల్ షాపులో ఉండేదే. డిస్‌ప్లే బాగుంది, ఔట్‌పుట్ ఆన్ ఆఫ్ బటన్ వేరేగా ఉండాది, అది లేనిది మాత్రం కొనొద్దు. నాకు నచ్చనిది దీంతో ఇచ్చిన వైరు, దారం మాదిరి ఉండాది. రెండు వైర్లు కలిపి 0.2 ఓమ్‌లు ఉన్నా సరే, 3 ఆంపులు లాగితే 0.6 వోల్టు వైర్లోనే పోతాది, డిస్‌ప్లేలో 4 ఉంటుంది, బోర్డు దగ్గర 3.4 ఉంటుంది, ఫోన్ ఆన్ కాదు, మీరేమో ఐసీ పోయిందనుకుంటారు. లావు వైరు వేసుకోండి. కరెంట్ లిమిట్ పెట్టినాం కదా అని ధీమా కూడా వద్దు, ఔట్‌పుట్ కెపాసిటర్‌లో నిండుండే ఛార్జ్‌కి ఆ లిమిట్ వర్తించదు, క్లిప్పు తగిలించగానే అది ముందు దూకుతుంది. అందుకే ముందు క్లిప్పులు పెట్టి, ఆ తర్వాతే ఔట్‌పుట్ ఆన్ చేయాల.

స్కోప్, అంటే వోల్టేజ్ ఎట్లా మారుతుందో గీత గీసి చూపించే ఆసిలోస్కోప్, దాని గురించి తొందరగా చెప్పేస్తా. 2023లో వచ్చిన రిగోల్ డీహెచ్‌ఓ804 అడుగుతా ఉండారు, 70 మెగాహెర్ట్జ్, 4 చానెళ్లు, 12 బిట్లు, అంటే పాత 8 బిట్ల స్కోపులో 256 మెట్లుంటే దీంట్లో 4096, చిన్న రిపుల్ (డీసీ మీద వచ్చే అల) చూసేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తాది. సెకనుకి 1.25 గిగా శాంపిల్స్ అనేది ఒక్క చానెల్ ఆన్‌లో ఉన్నప్పుడే, నాలుగూ పెడితే పంచుకుంటాయి.

ఏ స్కోపైనా ఒకటి గుర్తుపెట్టుకోండి, త్రీపిన్ ప్లగ్గుతో నడిచేవాటిలో ప్రోబు నల్ల క్లిప్పు నేరుగా ఎర్తుకే పోతాది. టీవీ ఎస్‌ఎంపీఎస్ (లోపలి పవర్ సప్లై) ప్రైమరీ సైడు, అంటే కరెంటు లైన్‌కి నేరుగా తగిలుండే సైడు, గ్రౌండుకి ఆ క్లిప్పు తగిలించినారంటే ఢామ్ అని బ్రిడ్జ్ డయోడ్లు పోతాయి. దానికి కొందరు స్కోప్ ఎర్త్ పిన్ను కట్ చేస్తారు, అప్పుడు స్కోప్ బాడీకే 300 పైన వోల్టులు రావచ్చు, ఆ పని చేయొద్దు నాయనా. రిపేర్ చేసే టీవీకే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే కరెంటు లైన్ నుంచి విడదీసేది, పెట్టండి. ఎన్ని వీఏ (ట్రాన్స్‌ఫార్మర్ సైజు) కావాలని అడిగేవాళ్లు, మీరు చేసే సెట్టు వెనకాల ఎన్ని వాట్లని రాసుందో కామెంట్లో పెట్టండి, చూసి చెప్తా.