మైక్ కొనేముందు గది వినండి: మొదటి హోమ్ స్టూడియోకి ఏం కావాలి, ఏం అక్కర్లేదు

నమస్తే అండీ, వెల్‌కమ్ బ్యాక్. ఇవాళ కెమెరా బయటికి తిప్పట్లేదు. పదడుగుల బెడ్‌రూమ్, అందులో ఒక మూల, అంతే. ఇంట్లోనే పాట రికార్డ్ చేసుకోవాలనుకునేవాళ్లు ఏం కొనాలి, ఏ వరసలో కొనాలి, దేని జోలికి ఇప్పుడే పోనక్కర్లేదు, ఇదే ఈ వ్లాగ్.

అందరూ మైక్‌తో మొదలుపెడతారు. మనం గదితో మొదలుపెడదాం. పాడబోయే చోట ఫోన్ పెట్టి, రికార్డర్‌లో నాయిస్ తగ్గించే సెట్టింగ్ ఏదైనా ఉంటే ఆపేసి, ఒక నిమిషం ఎవరూ నోరు మెదపకుండా రికార్డ్ చేయండి. తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సౌండ్ పెంచి వినండి. సీలింగ్ వెంట్‌లోంచి వచ్చే గాలి, వంటింట్లో ఫ్రిజ్ కంప్రెసర్, లాప్‌టాప్ ఫ్యాన్, పై అంతస్తులో అడుగుల చప్పుడు... రోజూ వింటూ పట్టించుకోనివన్నీ వరసగా బయటపడతాయి. చెక్క ఫ్రేమ్‌కి జిప్సమ్ బోర్డు కొట్టిన గోడలైతే పక్కింటి టీవీ కూడా కలుస్తుంది.

ఇప్పుడు అదే చోట నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. చప్పుడు ఒక్కసారితో ఆగకుండా ‘టర్‌ర్‌ర్’ అని సాగిందా? ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకుంటోందన్నమాట. ఈ సాగుడు పాటలోకి ఎక్కాక మిక్సింగ్‌లో తీసేయడం దాదాపు అసాధ్యం.

ఈ రెండూ వేర్వేరు సమస్యలు. బయటి శబ్దం లోపలికి రాకుండా ఆపాలంటే బరువైన గోడలు కావాలి, గాలి కూడా దూరనంత బిగుతుగా సందులు మూయాలి. అద్దె ఇంట్లో అది అయ్యే పని కాదు. గోడకి ఫోమ్ అంటిస్తే పక్కింటికి వినపడదనుకుంటే పొరపాటే, ఫోమ్ శబ్దాన్ని ఆపదు. గుడ్ల అట్టల సంగతి అసలు చెప్పక్కర్లేదు. కాబట్టి బయటి శబ్దానికి మన మందు ఒక్కటే: రికార్డ్ చేసే ఆ కాసేపు హీటర్, ఏసీ ఆపేయడం, లాప్‌టాప్‌ని మైక్‌కి దూరంగా పెట్టడం, వీధి సద్దుమణిగిన వేళ ఎంచుకోవడం.

గది లోపలి ప్రతిధ్వనిని మాత్రం తగ్గించుకోవచ్చు. అంగుళం మందం ఫోమ్ కీచుగా ఉండే పై శబ్దాల్ని పీల్చుకుంటుంది, కింది శబ్దాల్ని వదిలేస్తుంది. దాంతో గది నిండా ఫోమ్ అంటించినా గొంతు డబ్బాలోంచి వచ్చినట్టే ఉంటుంది. 10 సెంటీమీటర్ల మందం మినరల్ ఊల్ (రాతి ఊలు) పలకల్ని చెక్క ఫ్రేమ్‌లో బిగించి, గుడ్డ చుట్టి నిలబెట్టుకుంటే చాలా తేడా వస్తుంది. 60 బై 120 సెంటీమీటర్ల సైజువి మూడు నాలుగు చాలు. గోడకి ఆనించకుండా ఒక పది సెంటీమీటర్లు ఎడం వదిలితే ఇంకా కిందికి పనిచేస్తాయి. మేకులు కొట్టే పని లేదు, ఇల్లు మారినప్పుడు వెంట తీసుకెళ్లిపోవచ్చు. అవి కుదిరేదాకా రెండు మందపాటి బొంతలు స్టాండ్ మీద వేలాడదీసినా పని జరుగుతుంది.

ఎక్కడ వేలాడదీయాలన్న దగ్గరే చాలామంది తడబడతారు. పాటకి వాడే మైకులు ఎక్కువగా కార్డియాయిడ్ రకం. అవి ముందు నుంచి వచ్చేది బాగా పట్టుకుంటాయి, వెనక నుంచి వచ్చేది తక్కువ. మైక్ ముఖం ఎటు చూస్తోంది? మీ వైపు, మీ వీపు వెనకున్న గోడ వైపు. అందుకని బొంత మీ వీపు వెనక ఉండాలి. మైక్ వెనక అర్ధచంద్రాకారంలో బిగించే ఆ చిన్న షీల్డ్ కన్నా ఇదే ఎక్కువ పనిచేస్తుంది. ఫ్యాన్ శబ్దం చేసే లాప్‌టాప్ ఏమో మైక్ వీపు వైపు ఉండాలి.

ఇక మైక్. ప్రధానంగా రెండు రకాలు: కరెంట్ అందించాల్సిన సున్నితమైన కండెన్సర్, స్టేజీ మీద చేత్తో పట్టుకునే రకం డైనమిక్. ‘కండెన్సర్ వద్దండీ, గదంతా లాగేస్తుంది, డైనమిక్ తీసుకోండి’ అనే మాట మీరు వినే ఉంటారు. ఇందులో సగమే నిజం. రెండింటి పాటర్న్ (ఏ దిక్కు శబ్దం ఎంత పట్టుకుంటాయన్నది) ఒకటే అయి, నోటికి ఒకే దూరంలో పెట్టి, గొంతు లెవెల్ సమానం చేస్తే, గది శబ్దం రెండింట్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. తేడా అంతా వాడకంలో ఉంది. డైనమిక్‌ని పెదాలకి దగ్గరగా పెట్టుకుంటాం, కండెన్సర్‌ని అడుగు దూరంలో పెడతాం. 30 సెంటీమీటర్ల నుంచి 15కి జరిగితే గొంతు 6 డీబీ (డెసిబెల్స్, శబ్దం కొలత) పెరుగుతుంది, గది శబ్దం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పైసా ఖర్చు లేని పరికరం ఇదే. మరీ దగ్గరికెళ్తే కింది స్వరాలు ఉబ్బిపోయి గొంతు బరువెక్కుతుంది కాబట్టి 15 నుంచి 20 మధ్య మొదలుపెట్టి చెవితో సరిచూసుకోండి. పాప్ ఫిల్టర్ (నోటి గాలిని ఆపే తెర) మైక్‌కి ఐదు నుంచి పది సెంటీమీటర్ల ముందు. అది లేకపోతే ‘ప’, ‘భ’ వచ్చిన ప్రతిచోటా ‘ధబ్’మంటుంది.

మోడళ్ల పేర్లు కావాలంటే షూర్ ఎస్ఎం58 డైనమిక్‌లో, ఆడియో టెక్నికా ఏటీ2020 కండెన్సర్‌లో. రెండింట్లో ఏదైనా మొదటి మైక్‌గా సరిపోతుంది. రోడ్ ఎన్‌టీ1 కండెన్సర్ సెల్ఫ్ నాయిస్ (మైక్ తనంతట తాను చేసే శబ్దం) 4 డీబీ, ఏటీ2020ది 20 డీబీ అని చదివి బెంగపడకండి. మామూలు ఇంట్లో నిశ్శబ్దమే 30 డీబీ దరిదాపుల్లో ఉంటుంది, ఆ తేడా దాని కిందే పడి ఉంటుంది. ఇదిగో, ఏటీ2020ని దగ్గరగా చూడండి. లోగో ఉన్న ఈ పక్కే దీని ముఖం. చేతి మైక్‌లా పైకొనలోకి పాడితే గొంతు పల్చగా, దూరంగా వినిపిస్తుంది. ‘మైక్ పాడైంది’ అనుకునే కేసుల్లో కొన్ని ఇవే.

షూర్ ఎస్ఎం7బీ డైనమిక్ మైక్ మీద మోజున్నవాళ్లకి ఒక మాట. దాని సిగ్నల్ చాలా చిన్నది, కనీసం 60 డీబీ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) కావాలి. ఇంటర్‌ఫేస్‌కి, అంటే మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టెకి, అంత సత్తా లేకపోతే నాబ్ చివరిదాకా తిప్పినా గొంతు పీలగా ఉండి, వెనక ‘హిస్’ వస్తుంది. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 నాలుగో జనరేషన్‌లో గెయిన్ 69 డీబీ వరకు ఉంది, మూడో జనరేషన్‌లో 56 మాత్రమే. పాతది సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఈ అంకె చూసుకోండి.

ఇంటర్‌ఫేస్ విషయానికే వస్తే, ఒక్కరే పాడుతూ ట్రాక్ మీద ట్రాక్ వేసుకునేవాళ్లకి రెండు ఇన్‌పుట్లు చాలు. 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఉండాలి, కండెన్సర్ దాంతోనే నడుస్తుంది. గిటార్ నేరుగా గుచ్చాలంటే ‘ఇన్‌స్ట్రుమెంట్’ అనో ‘హై-జెడ్’ అనో బటన్ ఉండాలి, అది నొక్కకపోతే గిటార్ శబ్దం మొద్దుబారుతుంది. మృదంగం రికార్డ్ చేసేవాళ్లకి రెండు వైపులా రెండు మైకులు కాబట్టి ఆ రెండు ఇన్‌పుట్లూ దానికే అయిపోతాయి. పక్కన గాత్రం కూడా ఒకేసారి కావాలంటే నాలుగు మైక్ ఇన్‌పుట్లది చూడండి. ఆ రెండు మైకులూ ఎదురెదురుగా చూస్తాయి కాబట్టి ఒకటి లోపలికి తోస్తున్నప్పుడు ఇంకొకటి బయటికి లాగుతుంది, కలిపితే తొప్పి (మృదంగం ఎడమ వైపు) గుమకం తేలిపోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఒక ట్రాక్ పొలారిటీ తిప్పి, అంటే దాని అలని తలకిందులు చేసి, వినండి, ఏది నిండుగా ఉంటే అది ఉంచండి.

యూఎస్‌బీ మైక్ కొంటే ఇంటర్‌ఫేస్ మిగులుతుంది కదా అంటారా? ఒక్క గొంతుకైతే ఫర్వాలేదు. రెండో మైక్ కావాలనిపించిన రోజు మొత్తం మళ్లీ కొనాల్సిందే. రెండు యూఎస్‌బీ మైకులు ఒకేసారి నడపడం తలనొప్పి, ఎందుకంటే దేని క్లాక్ (శబ్దాన్ని కొలిచే లోపలి గడియారం) దానిదే. పాట సాగేకొద్దీ ఒకదాన్నుంచి ఒకటి జారిపోతాయి.

‘పాడుతుంటే నా గొంతు నాకే ఆలస్యంగా వినిపిస్తోంది’ అన్నది అందరికీ ఎదురయ్యేదే. కారణం బఫర్, అంటే కంప్యూటర్ శబ్దాన్ని కాసేపు పోగుచేసి పంపే చోటు. 48 కిలోహెర్ట్జ్‌లో (సెకనుకి 48 వేల శాంపిళ్లు) 128 శాంపిళ్లంటే ఒక వైపుకి 2.7 మిల్లీసెకన్లు, 1024 అయితే 21. రికార్డింగ్‌లో 128, మిక్సింగ్‌లో 1024 పెట్టుకోండి. విండోస్‌లో ఆలస్యం తగ్గించడానికి తయారీదారు ఇచ్చిన ఏఎస్ఐఓ డ్రైవరే వేయండి. అప్పటికీ తడబాటుగా ఉంటే ఇంటర్‌ఫేస్ మీదే డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటుంది. అది నొక్కి, సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ ఆపేయండి. ఆపకపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌కి మాత్రం ఏ సెట్టింగూ పనిచేయదు, వైర్‌వే కావాలి.

హెడ్‌ఫోన్స్ క్లోజ్డ్ బ్యాక్‌వి (వెనక మూసి ఉన్నవి) తీసుకోండి. ఓపెన్ బ్యాక్ అయితే క్లిక్ ట్రాక్ (తాళం కోసం చెవిలో వినే టిక్ టిక్) బయటికి కారి మైక్‌లో పడుతుంది, పాట మెల్లగా ఉన్నచోట టిక్ టిక్‌మని దొరికిపోతుంది. సోనీ ఎండీఆర్-7506 ఇంపీడెన్స్ (కరెంట్‌కి అడ్డు) 63 ఓమ్స్, ఆడియో టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్ 38. చిన్న ఇంటర్‌ఫేస్‌కి ఇవి తేలిక. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రోలో 32, 80, 250 ఓమ్స్ రకాలున్నాయి. యూఎస్‌బీ కరెంట్‌తో నడిచే ఇంటర్‌ఫేస్‌కి 250ది తగిలిస్తే సౌండ్ చాలకపోవచ్చు.

స్టాండ్ దగ్గర పిసినారితనం వద్దు. బరువైన కండెన్సర్‌ని తేలికపాటి స్టాండ్ బూమ్ (అడ్డంగా చాచే కడ్డీ) చివర బిగిస్తే మెల్లగా వంగి, ఏదో ఒక టేక్ మధ్యలో బోర్లా పడుతుంది. మూడు కాళ్లలో ఒకటి సరిగ్గా బూమ్ చాచిన దిక్కునే ఉంచండి. మైక్ హోల్డర్ మరకి, స్టాండ్ మరకి సైజు తేడా వస్తుంది: ఒకటి 5/8 అంగుళం, ఇంకోటి 3/8. మధ్యలో పట్టే ఇత్తడి అడాప్టర్ ఒకటి దగ్గర ఉంచుకోండి. కేబుల్ మూడు మీటర్ల ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైక్ కేబుల్) చాలు. ‘గుయ్’మని హమ్ వస్తుంటే ముందు లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి, ఎక్కువసార్లు దోషి అదే.

లెవెల్ పెట్టేటప్పుడు పాటలో అన్నిటికన్నా గట్టిగా పాడే చరణం పాడండి. మీటర్ పీక్ మైనస్ 12, మైనస్ 10 డీబీ మధ్య ఆగితే చాలు. సాఫ్ట్‌వేర్‌లో 24 బిట్ సెట్టింగ్ పెట్టుకుంటే మెల్లని శబ్దమూ శుభ్రంగా పడుతుంది కాబట్టి ఇంకా పెంచితే వచ్చే లాభం లేదు, సున్నా తాకితే వచ్చే పగుళ్లు మాత్రం పోవు. సాఫ్ట్‌వేర్ మాక్‌లో గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, రీపర్‌ని 60 రోజులు వాడి చూడొచ్చు.

స్పీకర్లు చివరికి. పదడుగుల గదిలో గోడ నుంచి గోడకి 56 హెర్ట్జ్ దగ్గర బేస్ ఉబ్బుతుంది. గది చతురస్రమైతే రెండు దిక్కులా అదే అంకె, రెట్టింపు ఉబ్బు. ఆ గదిలో పెద్ద స్పీకర్ పెట్టి మిక్స్ చేస్తే బేస్ ఎక్కువైందనుకుని తగ్గించేస్తారు, కారులో వింటే పాట బోలుగా ఉంటుంది. ఐదంగుళాలవి చాలు. రెండు స్పీకర్లూ మీ తలా సమబాహు త్రిభుజంలా, ట్వీటర్ (పై శబ్దాలిచ్చే చిన్న స్పీకర్) చెవి ఎత్తున, మూలలకి దూరంగా పెట్టండి.

120 వోల్టుల కరెంట్ ఉండే అమెరికా లాంటి చోట కొనేవాళ్లు కొనేముందు స్పీకర్ వెనక ప్యానెల్ చూడండి. ‘100–240 వోల్టులు’ అని ఉంటే ఎప్పుడైనా ఇండియాకి తీసుకెళ్లినా ప్లగ్ మారిస్తే సరి. ‘115/230’ అని స్విచ్ ఉంటే గుచ్చకముందే అది మార్చాలి, ఫ్యూజు రేటింగ్ కూడా అక్కడే రాసి ఉంటుంది. ఒక్క ‘120’ మాత్రమే ఉంటే ఇండియాలోని మన 230 వోల్టుల్లో నేరుగా పెట్టకూడదు, ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. యూఎస్‌బీతో నడిచే ఇంటర్‌ఫేస్‌కి ఈ గొడవ లేదు.