ధర ఎక్కువన్నది పేటెంట్ కార్యాలయంలో వాదన కాదు

అందరికీ నమస్కారం.

మందులు పేదవాళ్ళకు అందాలని వాదించే పని అనగానే ప్లకార్డులు, ఊరేగింపులు, పత్రికా ప్రకటనలు గుర్తొస్తాయి. వాటిని తక్కువ చేయను. పేటెంట్ నిబంధనలు ప్రజారోగ్యానికి అడ్డు కాకూడదంటూ 2001 నవంబరులో దోహా ప్రకటన వచ్చిందంటే, దక్షిణాఫ్రికాలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు వీధుల్లోకి రావడం అందుకు ఒక కారణం. ఏటా పదివేల డాలర్లకు పైగా ఖర్చయ్యే మూడు మందుల చికిత్సను 350 డాలర్లకే ఇస్తామని అదే ఏడాది ఫిబ్రవరిలో మన మందుల కంపెనీ సిప్లా ముందుకు రావడం మరో కారణం. అయితే ఈ పూట మాట్లాడదలచుకున్నది కాగితం పని గురించి. మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతింటున్నది అక్కడే. వాదనలో బలం లేక కాదు, ఒక తలుపు దగ్గర చెప్పాల్సిన మాట ఇంకో తలుపు దగ్గర చెప్పడం వల్ల.

మన పేటెంట్ చట్టంలో తలుపులు ఇలా ఉన్నాయి. దరఖాస్తు ప్రచురితమై, పేటెంట్ ఇంకా మంజూరు కాకపోతే సెక్షన్ 25(1) కింద ఎవరైనా అభ్యంతరం వేయొచ్చు. మంజూరయ్యాక, ఆ మంజూరు సంగతి ప్రచురితమైన తేదీ నుంచి ఏడాది లోపు 25(2) కింద వేయొచ్చు గానీ, అప్పుడు ‘ఎవరైనా’ కుదరదు, ఆ విషయంతో సంబంధం ఉన్నవాళ్ళే వేయాలి. మంజూరై మూడేళ్ళు నిండితే సెక్షన్ 84 కింద నిర్బంధ లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకపోయినా ఆ మందు తయారుచేసుకునే అనుమతి, అడగొచ్చు. అత్యవసర పరిస్థితికి 92, ప్రభుత్వ వినియోగానికి 100 ఉన్నాయి. 25(1)లో అభ్యంతరానికి పదకొండు కారణాలు రాసి ఉన్నాయి. పదకొండూ చదవండి, ధర అనే మాట ఎక్కడా కనిపించదు. సెక్షన్ 84లో మాత్రం అదే ముఖ్యమైన ప్రశ్న. ‘ఈ మందు ఖరీదు నెలకు ఇన్ని లక్షలు, రోగులు చనిపోతున్నారు’ అని పది పేజీలు రాసి, చివర ఒక్క పేరాలో రసాయన శాస్త్రం ముగించిన అభ్యంతర పత్రం చదివితే, పేటెంటు ఇవ్వాలో వద్దో తేల్చే అధికారి అయిన కంట్రోలర్‌కు జాలి కలగవచ్చు. ఆర్డరులో రాయడానికి మాత్రం ఏమీ దొరకదు.

బెడాక్విలిన్ దగ్గరికి వస్తే ఈ తేడా బాగా కనబడుతుంది. మందులకు లొంగని క్షయకు వాడే మాత్ర ఇది. అసలు అణువు మీద పేటెంటు 2023 జూలై 18తో ముగిసింది. దాని ఫ్యూమరేట్ లవణం మీద వేరే దరఖాస్తు ఉంది. అది మంజూరై ఉంటే గుత్తాధిపత్యం 2027 దాకా సాగేది. క్షయను జయించిన ఇద్దరు మహిళలు 2019లో ఆ దరఖాస్తు మీద అభ్యంతరం వేశారు. ఒకరిది ముంబయి, మరొకరిది దక్షిణాఫ్రికా. పాత పద్ధతి క్షయ చికిత్సలో ఇచ్చే మందుల దుష్ప్రభావానికి ఇద్దరూ వినికిడి కోల్పోయారు. మాత్రలతోనే నయం చేసే బెడాక్విలిన్ ఎందుకు కావాలో వాళ్ళకంటే బాగా చెప్పగలవాళ్ళు లేరు. అయినా 2023 మార్చి 23న దరఖాస్తును తిరస్కరించిన ఆర్డరు నిలబడింది లవణం మీదే. తెలిసిన పదార్థానికి కొత్త లవణం చేస్తే అది కొత్త ఆవిష్కరణ అవుతుందా అన్నదే అక్కడి ప్రశ్న.

ఇలాంటి పత్రం తయారుచేసేటప్పుడు మొదటి వారమంతా ఒక పట్టిక మీదే గడుస్తుంది. మూడు నిలువు వరుసలు గీయండి. మొదటి దాంట్లో క్లెయిమును, అంటే కంపెనీ తన ఆవిష్కరణ అని దరఖాస్తులో కోరుకున్న దాన్ని, ముక్కలు చేసి రాయండి: మూల సమ్మేళనం ఒక ముక్క, ‘ఫ్యూమరేట్ లవణం’ ఒక ముక్క, ‘మాత్ర రూపంలో మిశ్రమం’ ఇంకో ముక్క. రెండో వరుసలో ప్రతి ముక్కకూ ఎదురుగా పాత పత్రం నంబరు, పేజీ, పంక్తి. ఆ సమ్మేళనానికి ఏయే ఆమ్లాలతో లవణాలు చేయవచ్చో పాత పేటెంట్లలో మామూలుగా ఒక జాబితా ఉంటుంది. కంపెనీ తన ముందుచూపుతో రాయించుకున్న జాబితా అది, ఇప్పుడు మనకు పనికొస్తుంది. మూడో వరుసలో, పాత పత్రంలో లేనిది ఏమిటో నిజాయితీగా రాయండి. ఈ మూడో వరుస ఖాళీగా వదిలేసే అలవాటు మనవాళ్ళకు ఉంది. హియరింగులో అవతలి న్యాయవాది మొదలుపెట్టేది అక్కడి నుంచే.

తర్వాత సెక్షన్ 3(డి). తెలిసిన పదార్థానికి లవణం, ఈస్టరు, వేరే స్ఫటిక రూపం, శుద్ధరూపం, రేణువు సైజు వంటి మార్పులు చేస్తే, సామర్థ్యంలో గణనీయమైన తేడా చూపనంత వరకు అది అదే పదార్థం కింద లెక్క. ‘సామర్థ్యం’ అంటే మందు విషయంలో చికిత్సా సామర్థ్యమేనని 2013 ఏప్రిల్ 1న గ్లివెక్ అనే క్యాన్సర్ మందు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ మందులో ఉండే ఇమాటినిబ్ మెసిలేట్ బీటా స్ఫటిక రూపం శరీరంలోకి 30 శాతం ఎక్కువగా చేరుతుందని చూపించారు. దాని వల్ల రోగికి చికిత్సలో మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదు కాబట్టి అది చాలదంది కోర్టు. తేమ పీల్చదు, నిల్వ ఉంటుంది, మిషను మీద బాగా పోతుంది లాంటి గుణాలు ఫ్యాక్టరీకి మంచివే. 3(డి) దగ్గర వాటికి విలువ లేదు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ‘ఇది 3(డి) కింద చెల్లదు’ అని శీర్షిక పెట్టి, ‘తెలిసిన పదార్థం’ ఏదో పేరు పెట్టి చెప్పరు. సామర్థ్యం పెరిగిందని చూపాల్సిన భారం దరఖాస్తుదారుదే. కానీ దేనితో పోల్చాలో ముందు మనం చెప్పాలి. ఆ ఒక్క వాక్యం లేకపోతే మిగతా పది పేజీలు గాలిలో వేలాడుతుంటాయి.

సాక్ష్యాల విషయానికొస్తే, ప్రతి పత్రం మీద తేదీ చూసుకోండి. దరఖాస్తు ప్రయారిటీ తేదీకి, అంటే ఆ ఆవిష్కరణకు మొట్టమొదట దరఖాస్తు పెట్టిన తేదీకి, ఒక్క రోజు తర్వాత అచ్చైన వ్యాసమైనా పూర్వజ్ఞానం కింద పనికిరాదు. వెబ్‌సైటు పేజీ ప్రింటు తీసి జతచేస్తే, అది ఆ రోజున అలాగే ఉందని ఎవరు చెప్పాలి? పాత రూపాన్ని తేదీతో సహా భద్రపరిచే ఆర్కైవ్ నుంచి తీసి, అఫిడవిట్‌లో ఆ సంగతి రాయాలి. ఇతర భాషల పత్రాలకు ధ్రువీకరించిన అనువాదం కావాలి. నిపుణుడి అఫిడవిట్‌ను న్యాయవాది భాషలో రాసి సంతకం పెట్టించకండి. ఆ నిపుణుడు ఆ తేదీనాటికి ప్రయోగశాలలో ఏం చేసేవాడో తన మాటల్లో చెప్పాలి. అభ్యంతరం వేసే ఫారం 7ఎతో పాటు వాదన, సాక్ష్యాలు, వీటితోనే హియరింగు కావాలన్న అభ్యర్థన కూడా వేయాలి. అడిగితేనే హియరింగు దొరుకుతుంది. ఇంత చిన్న విషయం మరిచిపోతారా అనుకోవద్దు, మరిచిపోతారు.

టైము సంగతి. పేటెంట్ జర్నల్ ప్రతి శుక్రవారం వస్తుంది. దరఖాస్తు ప్రచురితమయ్యాక ఆరు నెలల లోపు పేటెంటు ఇవ్వరు. ఆ తర్వాత ఏ రోజైనా ఇవ్వవచ్చు. ఆరు నెలలూ వాడుకుని ఏడో నెలలో వేద్దామనుకునేవాళ్ళకు ఒకరోజు పొద్దున పోర్టల్‌లో ‘గ్రాంటెడ్’ అని కనిపిస్తుంది. అంతటితో ‘ఎవరైనా’ అన్న తలుపు మూసుకుపోయినట్టే. ఒక మందుకు దరఖాస్తు ఒక్కటే ఉండదన్నది ఇంకో సంగతి. అణువుకు ఒకటి, లవణానికి ఒకటి, మోతాదుకు ఒకటి, తయారీ పద్ధతికి ఒకటి. వీటి మీద మళ్ళీ విభజన దరఖాస్తులు, అంటే వాటిలోంచి చీల్చి వేసేవి, మొలుస్తాయి. ఒకటి తిరస్కరిస్తే దాని పిల్ల ఇంకో నంబరుతో నడుస్తూ ఉంటుంది. తల్లి ఓడిందని సంబరపడే ముందు పిల్లల్ని లెక్కపెట్టుకోవాలి. దీనికి మందుల పేటెంట్ పూల్ అనే అంతర్జాతీయ సంస్థ నడిపే మెడ్స్‌పాల్ డేటాబేస్ మంచి మొదలు, అయితే చివరి మాట మాత్రం మన పేటెంట్ కార్యాలయం పోర్టల్‌దే.

ఈ మధ్య దారి ఇరుకైంది. 2024 జనవరి 9న ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం, పేటెంట్ పరీక్ష ప్రక్రియ వేరు, అభ్యంతర ప్రక్రియ వేరు, మొదటి దాంట్లో అభ్యంతరదారుకు పాల్గొనే హక్కు లేదంది. చివరి నిమిషంలో దరఖాస్తుదారు క్లెయిములు సవరిస్తే మన పట్టిక సగం చెల్లకుండా పోతుంది. అందుకే ‘సవరణలు చేస్తే వాటిమీద కూడా వినిపించే అవకాశం ఇవ్వండి’ అని మొదటి పత్రంలోనే అడిగి పెట్టుకోవడం మంచిది. అదే ఏడాది మార్చి 15 నుంచి అమల్లోకొచ్చిన నిబంధనలతో, అంతకుముందు ఉచితంగా వేసే అభ్యంతరానికి రుసుము పడింది. అసలు అభ్యంతరం విచారణకు అర్హమా కాదా అని కంట్రోలర్ ముందే తేలుస్తాడు. బినామీ పేర్లతో ఒకే పాఠాన్ని పదిసార్లు వేసేవాళ్ళున్నారన్నది దీనికి చెప్పిన కారణం. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆ దెబ్బ మాత్రం రోగుల సంఘాలకు తగిలింది.

ఇక ధర మాట చెల్లే తలుపు, సెక్షన్ 84. ఇక్కడ హైదరాబాదు కంపెనీల కథలు రెండు పక్కపక్కన పెట్టి చూడాలి. మూత్రపిండాల, కాలేయ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్ మీద బేయర్‌కు 2008 మార్చిలో పేటెంటు వచ్చింది. నాట్కో 2010 డిసెంబరులో ముందు స్వచ్ఛంద లైసెన్సు అడిగింది, దొరకలేదు. మూడేళ్ళు నిండాక 2011 జూలైలో నిర్బంధ లైసెన్సుకు దరఖాస్తు పెట్టింది. నెల మందు బేయర్ ధర 2,80,428 రూపాయలు, నాట్కో ఇస్తానన్నది 8,800కు. అయితే కేసు ఆ రెండు అంకెల మీదే నడవలేదు. దేశంలో ఈ మందు అవసరమైన రోగులు ఎంతమంది, బేయర్ సరఫరా ఎంతమందికి సరిపోయింది అన్న లెక్క పెట్టారు. రెండు శాతం పైచిలుకు మాత్రమే తేలింది. 2012 మార్చి 9న లైసెన్సు వచ్చింది, 6 శాతం రాయల్టీతో. అప్పీలులో అది 7 శాతమైంది. ఏటా కనీసం 600 మంది పేద రోగులకు ఉచితంగా ఇవ్వాలన్న షరతు కూడా ఉంది.

లీ ఫార్మా మధుమేహం మందు శాక్సాగ్లిప్టిన్‌కు అడిగితే 2016 జనవరిలో కాదన్నారు. ఆ మందే కావాల్సిన రోగులు ఎంతమందో చూపలేకపోయారు. అదే జాతి గ్లిప్టిన్లు వేరేవి బజారులో ఉన్నాయి, వాటి ధరలూ దాదాపు అంతే. ‘మధుమేహం ఇన్ని కోట్ల మందికి ఉంది’ అన్నది ఈ సెక్షన్ దగ్గర లెక్క కాదు. ఈ మందే ఎందుకు, ఎందరికి, ఇప్పుడు ఎందరికి అందుతోంది అన్న మూడు అంకెలు కావాలి. జిల్లాల్లో పనిచేసేవాళ్ళ అవసరం న్యాయవాదులకు పడేది ఇక్కడే. ఆ అంకెలు చట్టం పుస్తకంలో దొరకవు, మీ రిజిస్టర్లలో ఉంటాయి. సొరాఫెనిబ్ తర్వాత మన దేశంలో సెక్షన్ 84 కింద మరో లైసెన్సు రాలేదని కూడా గుర్తుంచుకోండి.

స్వచ్ఛంద లైసెన్సుల గురించి కొంచెం. హెచ్‌ఐవీ రాకుండా ఏడాదికి రెండుసార్లు ఇచ్చే లెనకాపవిర్ ఇంజెక్షను అమెరికాలో జాబితా ధర ఏడాదికి 28,218 డాలర్లు. దాని పేటెంటుదారు గిలియడ్ 2024 అక్టోబరులో ఆరు కంపెనీలకు, 120 దేశాల్లో అమ్ముకునేలా లైసెన్సు ఇచ్చింది. వాటిలో హైదరాబాదు కంపెనీలైన డాక్టర్ రెడ్డీస్, హెటెరో కూడా ఉన్నాయి. 2027 నుంచి ఏడాదికి సుమారు 40 డాలర్లకు ఇస్తామని ఈ రెండూ ప్రకటించాయి. సంతోషమే. కానీ లైసెన్సు చేతికి రాగానే చదవాల్సింది వెనకాల ఉండే దేశాల అనుబంధం. ఈ మందు ప్రయోగ పరీక్షలు జరిగిన బ్రెజిల్, పెరూ అందులో లేవు. మన ఊళ్ళో తయారైన సీసా అక్కడి రోగికి వెళ్ళదు. 2025 జూలైలో సంతకమైన భారత్-బ్రిటన్ ఒప్పందంలో, మందుల అందుబాటుకు స్వచ్ఛంద మార్గమే మెరుగైనదని ఇరుపక్షాలూ గుర్తిస్తున్నట్టు 13.6 అధికరణంలో రాసుకున్నారు. దానివల్ల సెక్షన్ 84 రద్దు కాలేదు. అయినా రేపు ఎవరైనా నిర్బంధ లైసెన్సు అడిగితే ఆ వాక్యం ఎదురొస్తుంది. ఇలాంటి వాక్యాలు ముసాయిదాలో ఉన్నప్పుడే పట్టుకోవాలి, సంతకాలయ్యాక వ్యాసాలు రాసి లాభం తక్కువ.

చివరగా, గెలిచాక జరిగేది. బెడాక్విలిన్ పేటెంటు దారి తెరుచుకున్న కొద్ది వారాలకే, 2023 ఆగస్టు చివర, ప్రపంచ మందుల సరఫరా సంస్థ జీడీఎఫ్ టెండరులో అసలు కంపెనీ ఆరు నెలల కోర్సు ధర 289 డాలర్ల నుంచి 130కి దిగింది. పోటీ వస్తే ఇలా ఉంటుంది. కానీ ధర తగ్గినంత మాత్రాన మాత్ర రోగి నోట్లో పడదు. మందులు కావాలని ఇండెంటు వేసేవాళ్ళు 24 వారాల కోర్సుకు 188 మాత్రలని లెక్కవేస్తారు: 100 మి.గ్రా. మాత్రలు మొదటి రెండు వారాలు రోజుకు నాలుగు, అంటే 56. తర్వాత 22 వారాలు వారానికి మూడు రోజులు, రోజుకు రెండు, అంటే 132. బెడాక్విలిన్‌తో పాటు మరో మూడు మందులు కలిపి ఇచ్చే, ఇప్పుడు వస్తున్న బీపాల్ఎం పద్ధతి 26 వారాలు. ఇదే మోతాదుతో అయితే 200 మాత్రలు కావాలి. పాత లెక్కతో వెయ్యి మందికి ఇండెంటు పెడితే 12,000 మాత్రలు తక్కువ పడతాయి, అదీ కోర్సు చివరి రెండు వారాల్లో. మీ జిల్లాలో ఇండెంటు ఏ లెక్కన పోతోందో ఈ నెలలోనే అడిగి చూడండి.

ఇక మీ ప్రశ్నలు తీసుకుందాం.