లక్కపిడతలకి షోకేస్: 9 అంగుళాల అరలో 2 అంగుళాల తిరగలి

నమస్తే అండీ. ముందే చెప్పేస్తాను, నా వెనక కనబడుతున్న ఈ షోకేస్ నేను కొన్నది కాదు. కంపెనీవాళ్లు ఉచితంగా పంపారు. నచ్చింది చెప్పండి, నచ్చనిదీ చెప్పండి అన్నారు. ఆ రెండోది కాస్త ఎక్కువైంది, ఏమీ అనుకోవద్దు. ధర, కొలతలు అన్నీ చదివి విసిగించను.

ఇందులో పెట్టాల్సినవి ఇవి. కొంచెం దగ్గరగా చూపిస్తాను. మా అమ్మమ్మ ఇచ్చిన లక్కపిడతలు. ఒకప్పుడు 23, ఇప్పుడు 21. పొయ్యి, బిందె, రోలు, రోకలి, ఇదిగో తిరగలి. 2 అంగుళాలు కూడా లేదు. పైది ఇప్పటికీ తిరుగుతుంది చూడండి. పిడి దగ్గర మాత్రం రంగు పోయి లోపలి కర్ర బయటపడింది. అది చిన్నప్పుడు నా వేలు చేసిన పని. ఇవి ఏటికొప్పాకవి. వరాహ నది ఒడ్డున ఉంటుంది ఆ ఊరు, ఈ బొమ్మలకి 2017లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ లక్కని ఆనిస్తారు, ఆ రాపిడి వేడికే లక్క మెత్తబడి కర్రకి పట్టేస్తుంది. లేత్ సంగతి గుర్తుంచుకోండి, దానితో పనుంది.

ఇప్పుడు నా గొడవ. వెనక అద్దం.

షోకేస్ వెనకంతా నిలువుటద్దం వేశారు. ఎందుకండీ? తలుపు తీయగానే మొదట నా మొహం, తర్వాత ఫ్యాను, ఆ తర్వాత తిరగలి కనబడతాయి. 21 పిడతలు 42 అయి, ఏది అసలో ఏది నీడో తెలియడం లేదు. వెనక అద్దం పెట్టడం తప్పని కాదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒకే చెక్కలో ఇద్దరిని చెక్కిన బొమ్మ ఉంటుంది కదా, ముందు నుంచి మెఫిస్టోఫిలిస్ అనే దెయ్యం, అద్దంలో మార్గరెట్టా అనే అమ్మాయి. అక్కడ అద్దం లేకపోతే సగం బొమ్మ పోయినట్టే. కానీ లక్కపిడతలు లేత్ మీద తిరిగి పుట్టినవి. బిందెని ఎటు తిప్పినా అదే బిందె. వెనక కొత్తగా చూడ్డానికి ఏముంది? కొండపల్లి ఎడ్లబండి లాంటిదైతే ఒప్పుకునేవాణ్ని.

నాలుగో రోజుకి భరించలేక, రంగు వేయని నూలు గుడ్డ ఉతికి, ఇస్త్రీ చేసి, అట్టకి చుట్టి అద్దానికి అడ్డంగా నిలబెట్టాను. అంతే, పిడతల ఎరుపు, పసుపు ఒక్కసారిగా తేరుకున్నాయి. 60 రూపాయల గుడ్డ.

రెండోది అరల ఎత్తు. నాలుగు అరలు, ఒక్కోటి 9 అంగుళాలు, లోతు 10. కదపడానికి లేదు, బిగించేశారు. 2 అంగుళాల తిరగలి అందులో కూర్చుంటే ఖాళీ ఫంక్షన్ హాల్లో ఒక్కడే భోజనానికి కూర్చున్నట్టుంది. నా లెక్క ఏమిటంటే, వస్తువు ఎత్తుకి ఇంకో సగం కలిపితే చాలు, 2 అంగుళాలవాటికి 3 అంగుళాల అర. లోతేమో 10 ఉంది కాబట్టి మూడు వరసలు పడతాయి, కానీ వెనక వరస కనబడదు. దీనికి మందు మనవాళ్లకి ఎప్పుడో తెలుసు, బొమ్మల కొలువు. ట్రంకు పెట్టెలు పేర్చి, చీర పరిచి మెట్లు కట్టేవాళ్లు కదా! నేను అగ్గిపెట్టెలు రెండేసి అంటించి, గుడ్డ చుట్టి మూడు మెట్లు చేశాను. ఒకటి తెలిసింది, కంటికి సూటిగా ఉండే అరకి మెట్టు ఎత్తు బాగా కావాలి. నడుం దగ్గర అరని ఎలాగూ పైనుంచి చూస్తాం, అక్కడ మెట్లు లేకపోయినా పర్వాలేదు. ఇది కట్టేవాళ్లు ఆలోచించాలి కదా? ఖాళీ షోకేస్‌ని ఫొటో తీసి అమ్మడానికి డిజైన్ చేసినట్టుంది.

లైటు గురించి ఒక్క మాట. వెనక పైన పెట్టారు, అందుకే వస్తువుల ముందువైపు చీకటి. ముందు అంచున, లోపలికి తిప్పి ఉండాల్సింది. ఎల్‌ఈడీ కాబట్టి లక్కకి వేడి భయం పెద్దగా లేదు. పాత హేలోజన్ బల్బులైతే ఇంట్లోకే రానివ్వను. కిటికీ ఎండ మాత్రం వద్దు, పసుపుతో వేసిన రంగు ఎండకి త్వరగా పోతుంది.

వాసన! కింది భాగం ఎండీఎఫ్, అంటే చెక్క పీచుని జిగురుతో అదిమి చేసిన పలక. పెట్టె విప్పగానే ముక్కు మండింది. పది రోజులు తలుపులు తీసి నీడలో వదిలేశాను. నాకు పాత అనుభవం ఉంది. భీమిలి గవ్వలు, ఆల్చిప్పలు కొత్త ప్లైవుడ్ డ్రాయర్లో పెట్టాను. రెండు వానాకాలాలు గడిచాక చూస్తే తెల్లటి పొడి. బూజు అనుకుని కడిగాను. బూజు కాదు, చెక్క నుంచి, జిగురు నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి గవ్వలోని సున్నాన్ని తినేస్తుంది. ఆ మెరుపు మళ్లీ రాలేదు. ఇందులో గవ్వలు పెట్టే ఉద్దేశం నాకు లేదు.

తలుపు మాత్రం బ్రహ్మాండం. చుట్టూ మెత్తటి రబ్బరు పట్టీ ఉంది, మూస్తే టప్ మని కూర్చుంటుంది. మా పాతింట్లో గోడ షోకేస్‌కి రెండు జరిపే అద్దాలుండేవి, మధ్యలో సందు. ఆ సందులోంచి దూరిన బల్లి తాజ్‌మహల్ వెనక గుడ్లు పెట్టింది. మూడేళ్ల కిందట కొన్న అక్రిలిక్ పెట్టె ఇంకో రకం, పొడిగుడ్డతో తుడిచిన కొద్దీ దుమ్ముని లాక్కునేది. ఇందులో ఆరు వారాల తర్వాత తెల్లగుడ్డతో అర తుడిచాను, ఇదిగో గుడ్డ, మీరే చూడండి.

కొనమంటారా అంటే, కప్పులు, షీల్డులు ఉన్నవాళ్లు కొనుక్కోండి. చిన్న వస్తువులవాళ్లు ఈ డబ్బు కార్పెంటర్‌కి ఇచ్చి, 3 అంగుళాల అరలు, ఇలాంటి రబ్బరు పట్టీ అడగండి. తలుపు కోసం నేనైతే దీన్ని వెనక్కి పంపడం లేదు.

ఆ లైటు ఆపేస్తున్నాను, ఒక్క నిమిషం. ఇప్పుడు మూడో మెట్టు మీద చూడండి. తిరగలి పిడి కనబడుతోందా?