గెలాక్సీ రాయి, వజ్రాల తీగ

శ్రోతలకు నమస్కారం.

ఒంగోలులో కర్నూలు రోడ్డు ఎక్కి పడమరగా 20 కిలోమీటర్లు పైచిలుకు పోతే చీమకుర్తి వస్తుంది. ఊరి కంటే ముందు రాళ్లు ఎదురవుతాయి. లారీకి ఒకటో రెండో నల్లటి బ్లాకులు, వాటి మీద పెయింటుతో రాసిన నంబర్లు. దేశదేశాలకు వెళ్లిన గెలాక్సీ గ్రానైట్ ఇదే. నల్లటి రాయిలో బంగారు రజను చల్లినట్టుండే ఆ మెరుపులు బ్రాంజైట్ అనే ఖనిజానివి. భూగర్భ శాస్త్రం లెక్కన ఇది గ్రానైట్ కూడా కాదు, గాబ్రో జాతి రాయి. వ్యాపారంలో గ్రానైట్ అన్న పేరే స్థిరపడిపోయింది.

ఈ రాయిని నేల నుంచి విడదీసే పని ఎంత మారిపోయిందో క్వారీ అంచున నిలబడి చూస్తేగానీ తెలియదు. పూర్వం వరసగా బెజ్జాలు వేసేవాళ్లు. జాక్‌హామర్‌ను రెండు చేతులా అదిమి పట్టుకుని, ఎండలో, దుమ్ములో గంటల తరబడి నిలబడాలి. సాయంత్రానికి చేతులు తిమ్మిరెక్కి అన్నం ముద్ద కూడా సరిగా కలపలేకపోయేవాళ్లమని పాతవాళ్లు చెబుతారు. ఆ బెజ్జాల్లో ఇనుప మేకులు దిగ్గొట్టి రాయిని చీల్చాలి, లేదంటే మందు పెట్టి పేల్చాలి. పేల్చితే రాయి ఊడొస్తుంది కానీ లోపల ఎక్కడో సన్నటి పగులు పడుతుంది. పాలిష్ పట్టాక అది బయటపడితే అప్పటిదాకా పడిన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఇప్పుడు వైర్ సా, అంటే తీగ రంపం వచ్చింది. ఉక్కు తాడుకు పూసలు గుచ్చినట్టు ఉంటుంది. ఒక్కో పూస 10, 11 మిల్లీమీటర్ల మందం. మీటరుకు దాదాపు 40 పూసలు. వాటిలో ఉండేది కృత్రిమంగా తయారుచేసిన వజ్రాల పొడి. రాయికి పైనుంచి ఒక బెజ్జం, ముందు నుంచి ఒక బెజ్జం వేస్తారు. రెండూ లోపల కచ్చితంగా కలవాలి. సూదిలో దారం ఎక్కించినట్టు తాడును అందులోంచి లాగి, రెండు కొసలూ కలిపి బిగిస్తారు. మోటారు ఆ తాడును గిరగిరా తిప్పుతూ, పట్టాల మీద కొంచెం కొంచెం వెనక్కి జరుగుతుంది. నీళ్లు పోస్తూనే ఉండాలి, లేకపోతే తాడు వేడెక్కిపోతుంది. ఆ నీళ్లతోనే దుమ్ము అణిగి, బూడిద రంగు బురదై కారిపోతుంది. కోత పూర్తయ్యాక చూస్తే జున్ను కోసినంత నున్నగా ఉంటుంది ఆ ముఖం.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఆ తాడు తెగితే పూసలు తూటాల్లా ఎగురుతాయి. తాడు తిరిగే వరసలో మనిషన్నవాడు నిలబడకూడదు, అడ్డు కట్టకుండా మోటారు వేయకూడదు. ఎంత తొందర పనైనా సరే.

ఫ్యాక్టరీల్లోనూ అంతే. వరసగా ఉక్కు బ్లేడ్లు బిగించిన గ్యాంగ్ సా మీద రోజుల తరబడి కోసిన బ్లాకును, ఇలాంటి తాళ్లు చాలా ఒకేసారి తిరిగే మల్టీవైర్ యంత్రం గంటల్లో పలకలు చేసేస్తోంది. కొనేవాడు పలక ఫొటోను ఫోన్‌లో చూసి బేరం ఖాయం చేసుకుంటున్నాడు.

మరి మనిషి పని అయిపోయినట్టేనా? పోయిన వేసవిలో ఒక క్వారీలో నేను చూసింది చెబుతాను. ఓ పెద్ద మేస్త్రీ బకెట్టుడు నీళ్లు బండ మీద గుమ్మరించి, గొడుగు కింద కూర్చున్నాడు. పక్కన ఐటీఐ చదివిన ఆపరేటర్ కుర్రాడు. ఎండకు బండ అంతా ఆరింది, ఒక్కచోట మాత్రం వెంట్రుకంత తడి గీత మిగిలింది. అదే పగులు. పగుల్లో నీళ్లు దిగితే త్వరగా ఆరవు.

"కోత ఎక్కడ పెట్టమంటావు పెదనాన్నా?" అన్నాడు కుర్రాడు.

"జానెడు ఇవతలికి జరుపు అబ్బయా, గీత అవతలికే పోవాల."

తర్వాత సుత్తితో రెండు దెబ్బలు వేసి చెవి పెట్టాడు. ఖంగుమంటే మంచి రాయి, మొద్దుగా పలికితే లోపల ఏదో ఉన్నట్టు.

మార్కాపురం పలకల సంగతీ ఇలాంటిదే. బడి పిల్లల చేతుల్లోకి నోటు పుస్తకాలు వచ్చి పలకల గిరాకీ పడిపోయాక, పొర చూసి రాయిని చీల్చే ఆ చేతి పనే ఇళ్లకు వేసే పలకరాళ్ల తయారీకి అక్కరకొచ్చింది.

యంత్రం వచ్చాక క్వారీలో కూలీల అవసరం తగ్గింది, కాదనలేం. కానీ ప్రాణం మీదికి తెచ్చే పని కూడా తగ్గింది. ఇందుకు నాకు సంతోషమే. నా బాధల్లా ఒకటే. మన జిల్లా పిల్లలకు యంత్రం నడపడం నేర్పేటప్పుడు క్వారీలోనే కొన్ని నెలలు ఉంచి, ఇలాంటి మేస్త్రీలను కూలి ఇచ్చి మరీ గురువులుగా పెట్టాలి. యంత్రం ఎక్కడ కోయమంటే అక్కడ కోస్తుంది. ఎక్కడ కోయాలో ఆ తడి గీతను చూడగలిగినవాడు చెప్పాలి.

ఆ పెద్దాయనకు మోకాళ్లు పోయాయి. వచ్చే సంక్రాంతికి పని మానేస్తానన్నాడు. ఆ కుర్రాడు ఈమధ్య రోజూ అరగంట ముందే వచ్చి, తనే బకెట్టుతో నీళ్లు మోసుకొచ్చి బండ మీద పోస్తున్నాడట.

సెలవు. నమస్కారం.