కొండ కంది విత్తనాల డబ్బా రివ్యూ: వల సంచికి ఫుల్ మార్కులు, లేబుల్‌కి సున్నా

నమస్కారమండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ డబ్బా కంపెనీవాళ్లు రివ్యూ కోసం ఊరికే పంపించారు. డబ్బులు ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమని అడగలేదు. రేటెంత, లోపల ఏమేమి ఉన్నాయి, ఎక్కడ ఆర్డరు పెట్టాలి, అవన్నీ ఈపాటికే వేరే వీడియోల్లో చూసుంటారు. అయిదు రకాల కొండ కంది తలా 50 గ్రాములు, ఒక రైజోబియం (గింజకు పట్టించే మేలుచేసే బ్యాక్టీరియా) పొట్లం, పూతకొమ్మకు కట్టే వల సంచులు రెండు, ఓ చిన్న పుస్తకం. అంతే, అసలు సంగతికి వద్దాం.

ఈ పాకెట్ చూడండి, దగ్గరగా పెడతాను. ఏమని రాశారు? 'తూర్పు కనుమల కొండ కంది, ఎర్ర గింజ.' బాగానే ఉంది. ఏ కొండ? శ్రీశైలం దగ్గర నల్లమల కూడా తూర్పు కనుమలే. మన మందస నుంచి కనబడే మహేంద్రగిరి, 1,501 మీటర్లది, అదీ తూర్పు కనుమలే. సాలూరు కింద పల్లంలో వేసే కందీ, ఘాట్ ఎక్కి సుంకి దాటాక మెట్టలో కనబడే కందీ ఒకే తీరున పండవు. ఊరు లేదు, ఎత్తు లేదు, ఏ నెలలో కోశారో లేదు. వెనక మాత్రం కొండ బొమ్మ, మబ్బు బొమ్మ, సూర్యుడి బొమ్మ. ఆ బొమ్మ వేసిన చోట ఊరి పేరు రాస్తే సరిపోయేది కదండీ!

ఇంత రాద్ధాంతం ఎందుకంటారా? కంది పగటి పొడుగును బట్టి పూసే మొక్క. పగలు తగ్గితేనే పూతకొస్తుంది. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబర్‌లో 11 గంటల దగ్గరికి దిగుతుంది. కొండ మీది పాత రకాలు జూన్‌లో విత్తితే దసరా దాకా ఏపుగా పెరగడమే పని, పూత ఊసే ఉండదు. తర్వాతే మొగ్గ తొడుగుతాయి, కాయ సంక్రాంతి దాటాకే చేతికొస్తుంది. అదే విత్తనం సెప్టెంబర్ ఆఖర్లో వేస్తే మొక్క నడుమెత్తు కూడా రాకుండానే పూసేస్తుంది. అందుకే రబీ కందిని దగ్గర దగ్గరగా వేస్తారు. ఇప్పుడు పుస్తకంలో ఏం రాశారో చూడండి: 'ఏ సీజన్‌లోనైనా విత్తుకోవచ్చు, 120 రోజుల్లో కోత.' అయిదు రకాలకీ ఇదే మాట! జూన్‌లో వేసినవాళ్లు అక్టోబర్‌లో కాయ కోసం చూసి, 'మొక్క గొడ్డుబోయింది' అని పీకేస్తారు. తప్పు మొక్కది కాదు, పుస్తకానిది.

దీనికి తోడు చలి, వేడి. కెన్యాలో ఎత్తు ప్రాంతాల్లో పండే దీర్ఘకాలిక కంది రకాలను వేడిగా ఉండే సముద్రతీరంలో వేసి చూశారు. పూత ఇంకా వెనక్కి పోయింది. మన పరిస్థితీ దాదాపు అదే. పైన చల్లటి రాత్రులకు అలవాటుపడ్డ గింజను భోగాపురం, కళింగపట్నం వైపు ఇసుక నేలల్లో వేస్తే ఎప్పుడు పూస్తుందో లెక్క వేసుకోవాలంటే, అది ఎంత ఎత్తు నుంచి వచ్చిందో తెలియాలి కదా. ఇంకోటి, వీధిలైటు రాత్రంతా పడే చోట వేయకండి. మొక్కకు అది కూడా పగలే. లైటు వైపు కొమ్మలు పూయకుండా మొండికేస్తాయి.

పెద్ద సంస్థలు ఈ పనిని ఎలా చేస్తాయో చూడండి. పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఉంది కదా, దాని జన్యు బ్యాంకులో కంది నమూనాలకు ఐసీపీ నెంబర్లుంటాయి. ఢిల్లీలో ఎన్‌బీపీజీఆర్ అని, దేశంలోని విత్తన నమూనాలు దాచే ప్రభుత్వ సంస్థ, వాళ్లవి ఐసీ నెంబర్లు. ఆ నెంబరు వెనకాల ఏ ఊరు, అక్షాంశం ఎంత, రేఖాంశం ఎంత, ఎత్తు ఎంత, ఏ తేదీన సేకరించారు అని ఒక పాస్‌పోర్టు ఉంటుంది. చిన్న కంపెనీని అంతా చేయమనడం లేదు. బాల్‌పాయింట్ పెన్నుతో నాలుగు ముక్కలు రాసినా చాలు: ఊరు, ఎత్తు, కోత నెల, చేలో పక్కన ఏం వేశారు. ఆ నాలుగోది చాలామంది పట్టించుకోరు. పోడు చేలో కంది ఒంటరిగా ఉండదు. చోళ్ళు, సామలు, కొర్రలు, జొన్నల మధ్య ఉంటుంది. అవి వానాకాలం దాటగానే కోతకొచ్చేస్తే, ఆ తర్వాత నేలంతా కందిదే. అలా పెరిగిన రకం మొదటి మూడు నెలలు నీడనూ పోటీనీ తట్టుకుంటుంది, కొమ్మలు ఆలస్యంగా విప్పుతుంది. ఎడం తక్కువిచ్చి ఒంటరిగా వేస్తే ఆకుల గుబురే మిగులుతుంది.

అసలు కంది పుట్టిల్లు ఎక్కడ అనే దాని మీద చాలాకాలం వాదన నడిచింది. ఈజిప్టు సమాధిలో గింజ దొరికిందని కొందరు ఆఫ్రికా అన్నారు. ఇక్రిశాట్‌లో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త వాన్ డెర్ మేసెన్ 1980ల్లో అడవి బంధువులన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసి, పుట్టిల్లు ఇండియానే అని తేల్చారు. కందికి అతి దగ్గరి అడవి చుట్టం కజానస్ కజానిఫోలియస్ ఉండేది ఎక్కడనుకున్నారు? బస్తర్, ఒడిశా, మన వైపు తూర్పు కనుమల కొండల్లోనే. అది ఊరికే మ్యూజియం మొక్క కూడా కాదు. ఐసీపీహెచ్ 2671 అనే హైబ్రిడ్ కంది తయారీకి కావాల్సిన మగవంధ్యత్వం, అంటే పనికొచ్చే పుప్పొడి లేని గుణం, ఆ అడవి మొక్క నుంచి తెచ్చిందే. అలాంటి చోట ఉంటూ, ఊరి పేరు లేకుండా కొండ కంది అమ్మడం ఏంటండీ?

సరే, మూడో పాకెట్ తెరుద్దాం. 'చుక్కల కంది' అని రాశారు. ఈ గింజల్ని తెల్ల కాగితం మీద పోసి, బొడ్డు వైపు చూడండి. గింజ కాయకు అంటుకునే మచ్చ ఉంటుంది కదా, అక్కడ. ఇది మామూలు కంది, మచ్చ నున్నగా ఉంది. ఇప్పుడు ఇది, మచ్చ పక్కన తెల్లటి ఉబ్బు కనబడుతోందా? గోటికి తగులుతోంది. దీన్ని స్ట్రోఫియోల్ అంటారు. అడవి కందికి ఇది ప్రస్ఫుటంగా ఉంటుంది, సాగు కందికి దాదాపు ఉండదు. అంటే ఈ పాకెట్‌లోకి అడవి రక్తం కలిసి ఉండొచ్చు. ఈ ఒక్క గుర్తుతో తేల్చేయకండి. ఆ గింజల్ని విడిగా వేసి, కాయ ఎండాక చూడండి. అడవిదైతే కాయ చెట్టు మీదే పగిలి గింజలు చిమ్మేస్తుంది. ఇలాంటి గింజ పెంకు గట్టిగా ఉంటుంది. బొడ్డుకు ఎదురు వైపు గోళ్ల కట్టర్‌తో పెంకు మాత్రం తెగేలా చిన్న గాటు పెట్టి, రాత్రి నానబెడితేనే మొలుస్తుంది. నిజం చెప్పాలంటే డబ్బా మొత్తంలో ఒళ్లు జలదరించింది ఈ పాకెట్‌కే. దీనికి కూడా ఊరి పేరు లేదు!

ఇప్పుడు నా ముద్దుల వస్తువు, వల సంచి. దీని గురించి ఎవరూ మాట్లాడలేదు, డబ్బాలో అసలైన సరుకు ఇదే. కందిపూవు విచ్చకముందే మొగ్గలోనే పుప్పొడి రాలిపోతుంది కాబట్టి స్వపరాగం, అంటే తన పుప్పొడితోనే తనకు గింజ కట్టడం, జరిగిపోతుందనుకుంటారు. కానీ తేనెటీగలు, ముఖ్యంగా పెద్ద తేనెటీగలూ ఆకులు కత్తిరించే తేనెటీగలూ, ఊరుకోవు. సగటున అయిదో వంతు దాకా వేరే మొక్క పుప్పొడితో పరపరాగం జరుగుతుంది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. పక్క చేలో ఎల్‌ఆర్‌జీ 41 లాంటి మామూలు కంది రకం ఉంటే, నాలుగైదేళ్లలో మీ కొండ కంది పేరుకే కొండ కంది. దూరం పాటించాలంటే కనీసం 200 మీటర్లు కావాలి. ఎవరికుంది అంత చేను? అందుకే వల.

కట్టే పద్ధతి చెబుతాను. కొమ్మ చివర మొగ్గలు పచ్చగా, ఇంకా పసుపు కనబడని దశలో కట్టాలి. అప్పటికే విచ్చిన పూలూ, పిందెలూ గిల్లేయాలి, లేకపోతే తేనెటీగ తొక్కిన కాయ కూడా లోపల కలిసిపోతుంది. కట్టేముందు ఆకు ఆకూ తిప్పి చూడండి. శనగపచ్చ పురుగు గుడ్డు ఒక్కటి లోపల ఉండిపోతే, పిట్ట రాదు, కందిరీగ రాదు, దానికి పెళ్లి భోజనమే. వారానికోసారి దారం వదులు చేయాలి, కొమ్మ పెరుగుతుంది కదా. చాలా పూలు రాలిపోతాయి. కందికి అది సహజం, కంగారుపడి వల విప్పేయకండి. పిందె చిటికెనవేలు పొడవు వచ్చాక వల తీసి, ఆ కొమ్మకు ఎర్ర దారం కట్టేయండి. విత్తనానికి ఆ కొమ్మ కాయే.

ఈ సంచి నైలాన్, కన్ను సరిగ్గా ఉంది. తేనెటీగ దూరదు, గాలి ఆడుతుంది. ఇంతకుముందు వేరేవాళ్లు పంపిన కిట్‌లో పల్చటి కాటన్ సంచి ఇచ్చారు. మంచుకు తడిసి, పూలమీద అంటుకుపోయి బూజు పట్టింది. ఇది అలా కాదు, కుట్లు కూడా గట్టివి. కానీ అయిదు రకాలకు రెండు సంచులు ఇవ్వడం ఏం లెక్క? విజయనగరం గంటస్తంభం దగ్గర బట్టల కొట్లో దోమతెర గుడ్డ కొని, అడుగున్నర వెడల్పు, రెండున్నర అడుగుల పొడవుతో కుట్టించుకోండి. అదే పని చేస్తుంది.

రైజోబియం పొట్లం గురించి రెండు ముక్కలు. తయారీ తేదీ లేదు. ఇది బతికున్న బ్యాక్టీరియా, ఎండలో పార్సిల్ వ్యాన్‌లో తిరిగితే పోతుంది. నమ్మకం లేకపోతే కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి తాజాది తెచ్చుకోండి. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 10 గ్రాముల బెల్లం మరిగించి, పూర్తిగా చల్లారాక కలపాలి. వేడిమీద కలిపితే అయిపోయినట్టే. గింజకు పట్టించి నీడలో ఆరబెట్టి వెంటనే విత్తాలి. నెల దాటాక ఒక మొక్క పీకి వేరుబుడిపె కోసి చూడండి. లోపల గులాబీ రంగుంటే పని జరుగుతోంది, తెల్లగా ఉంటే లేదు.

విత్తడంలో పెద్ద కిటుకేమీ లేదు. రెండంగుళాల లోతు, వరుసల మధ్య అయిదడుగులు, మొక్కల మధ్య మూడడుగులు. బోదె మీదే వేయండి. తొలి నెలలో మడిలో నీళ్లు నిలిస్తే కంది కోలుకోదు. మొక్క నిలువునా వాడుతూ, కాండం మీద అడుగు నుంచి ఊదారంగు పట్టీ పైకి పాకితే అది ఎండు తెగులు. చీల్చి చూస్తే లోపల నల్ల గీతలుంటాయి. పీకి కాల్చేయాలి, ఆ మడిలో మూడేళ్లు కంది వద్దు. ఆకులు లేతపచ్చగా, చిన్నగా అయి, మొక్క గుబురుగా పెరిగి అసలు పూయకపోతే అది వెర్రి తెగులు, ఆకు మీది సన్నటి నల్లి మోసుకొచ్చే వైరస్. మామూలుగా ఆలస్యంగా పూసే కొండ రకానికీ దీనికీ తేడా ఆకులో ఉంటుంది. ఆకు మీద లేత, ముదురు పచ్చ మచ్చలు కనబడితేనే తెగులు. చూడకుండా పీకొద్దు.

మొలక శాతం బాగుంది, అది ఒప్పుకోవాలి. వంద గింజలు తడి గోనెపట్టాలో చుట్టి వారానికి లెక్కపెట్టాలి. 75 దాటితే పాస్. మొదటి నాలుగు పాకెట్లూ సునాయాసంగా దాటాయి. ఇంతకుముందు చెప్పిన కాటన్ సంచుల కిట్‌లో గింజ తడి ఆరకుండానే రేకు పాకెట్‌లో సీల్ చేసేశారు, మొలక సగం కూడా లేదు. ఇది నయం. 50 గ్రాములంటే సుమారు 500 గింజలు. ఒక రకాన్ని చెడకుండా నిలబెట్టాలంటే కనీసం 50 మొక్కల నుంచి గింజ తీయాలి. దానికి రెండు సెంట్లు కూడా పట్టదు. అయిదూ ఒకేసారి వేయకండి. ఏడాదికో రకం వేసి, మిగతావి బాగా ఎండబెట్టి గాజు సీసాలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి. బయట ఉంచితే పుచ్చు పురుగు వదలదు.

మరి కొనాలా? నేనైతే కొనను. లేబుల్ మీద కోపం ఇంకా చల్లారలేదు. వల సంచీ బాగుంది, మొలకా బాగుంది. కానీ పుట్టిన ఊరు తెలియని కొండ విత్తనం కన్నా, గుమ్మలక్ష్మీపురం, కురుపాం, సీతంపేట వైపు కందికొత్తల పండగ దాటాక కళ్లంలో నిలబడి కొన్న అరకిలో కందులు నయం. సంతలో బస్తా కాదు, అందులో పది ఊళ్ల గింజ కలిసిపోతుంది. కళ్లంలోనే అడగండి, ఇందాకటి నాలుగు ముక్కలూ రైతు దగ్గర రాసుకోండి. అక్కడి సవర, జాతాపు గిరిజన ముసలివాళ్లకి ఏ గింజ ఏ మెట్టలో పండిందో కంపెనీ కన్నా బాగా తెలుసు. విత్తనం దాచుకోవడం, మార్చుకోవడం, బ్రాండ్ పేరు పెట్టకుండా అమ్ముకోవడం రైతు హక్కని 2001 మొక్కల రకాల చట్టంలోనే ఉంది. కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. కంపెనీవాళ్లు వచ్చే బ్యాచ్‌కి ఊరి పేర్లు రాసి పంపితే ఇంకో వీడియో చేస్తాను, మాట తిప్పుతాను.

మేడ మీద కుండీలో వస్తుందా అని తప్పకుండా అడుగుతారు. వస్తుంది, కాకపోతే జూన్‌లో కాదు. సెప్టెంబర్ మూడోవారంలో, 18 అంగుళాల లోతు బస్తాలో, బస్తాకు ఒక్క మొక్క. కింద నాలుగు కంతలు పెట్టండి. అప్పుడైతే మొక్క పొట్టిగా ఉండి త్వరగా పూస్తుంది, వల కట్టడం కూడా నిచ్చెన లేకుండా అయిపోతుంది.